సంచి విప్పని టీచరుగారు

టీచరుగారి జ్ఞాపకార్థ కూడికలో పాస్టరుగారు ఆవిడను "మృదుభాషిణి, ఎవరినీ నొప్పించి ఎరగరు" అన్నప్పుడు నాకు దగ్గొచ్చింది. అది దగ్గు కాదని పక్కన కూర్చున్న మా ఆయనకు తెలుసు కనక మోచేత్తో పొడిచారు. పాస్టరుగారు చిన్నవారు, ఈ మధ్యే బదిలీ మీద వచ్చారు. ఆయన ప్రసంగం ఎంతకీ తెగని ఒక ఆదివారం, ముందు బల్ల మీద కూర్చున్న టీచరుగారు చేతి గడియారం విప్పి, చెవి దగ్గర పెట్టుకుని, ఆగిపోయిందేమోనని ఊపి చూశారు. పాస్టరుగారు అది మరిచిపోయి ఉంటారు, లేదా క్షమించి ఉంటారు. వారి ఉద్యోగంలో అది తప్పదు.

ఆవిడ పేరు ఇక్కడ రాయడం లేదు. పేరు ఊరికే చెప్పేస్తే ఆవిడకు నచ్చేది కాదు. కావలసినవాళ్లు పుస్తకం అట్ట మీద చూసుకోవాలి. ఆ పుస్తకం ఇంకా రాలేదు. చెప్పబోయేదంతా దాని గురించే.

నేను రాజమండ్రిలో ఒక డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెబుతాను. మేముండే ఇంటి కింది వాటాలోకి టీచరుగారు అద్దెకు వచ్చారు. మిషన్ స్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యారు. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్లు ఈ గోదావరి జిల్లాల్లో తక్కువేం కాదు కదా, వాళ్లందరికీ ఒకటే జవాబు: "టైమ్ టేబుల్లో పీరియడ్ ఖాళీ దొరకలేదండి."

వచ్చిన మర్నాడే మెట్లెక్కి వచ్చి మంచినీళ్లు అడిగారు. తాగి, మా అమ్మ బీపీ గురించి, మా ఆడపడుచు కాన్పు గురించి అడిగి, నా చేతిలో ఒక పిప్పరమెంటు బిళ్ల పెట్టి దిగిపోయారు. పాపం ఒంటరి మనిషి, పలకరింపు కోసం వచ్చారనుకున్నాను. వారం తరవాత మడత పెట్టిన కాగితంతో వచ్చారు. "ఒక్క పేజీ చదువుతాను లెక్చరరమ్మా, అక్షరదోషాలేమన్నా ఉంటే చెప్పు." జీవితమంతా తెలుగు చెప్పిన మనిషి ఇంగ్లీషు చెప్పేదాన్ని అక్షరదోషాలు అడగడమేంటని నాకు అనుమానం రావాల్సింది. రాలేదు. పొగడ్త అనేది ఎంత చదువుకున్నవాళ్లకయినా కళ్లకు అడ్డం పడుతుంది.

ఆ పేజీలో ఒక రేవుంది. మనుషుల్నీ సైకిళ్లనీ అవతలి ఒడ్డుకి దాటించే పంటి కోసం జనం కాచుకుని ఉండే చోట ఒకావిడ ఇడ్లీలు అమ్ముతుంది. ఒకరోజు పొద్దున్నే ఎవరో ముక్కూముఖం తెలియని మనిషి ఆవిడ పొయ్యి పక్కన ఒక గోనెసంచి దించి, "సాయంత్రం పంటికి వచ్చేస్తానమ్మా, కాస్త చూస్తూ ఉండు" అని ఏరు దాటి వెళ్లిపోతాడు. సాయంత్రం పంటి వచ్చింది. అతను రాలేదు. చీకటి పడింది. ఆవిడ సంచి దగ్గరికి దీపం జరుపుకుని, మూతి ముడి మీద చెయ్యి వేసింది.

అక్కడికి టీచరుగారు కాగితం మడత పెట్టేశారు. "అన్నం వార్చాలమ్మా" అని లేచారు.

మూడు రోజులు ఓర్చుకున్నాను. నాలుగో రోజు గిన్నెలో మజ్జిగ పులుసు పోసుకుని, అదేదో ఇవ్వడానికే వెళ్తున్నట్టు కిందికి దిగాను. పులుసు తీసుకుని, వాసన చూసి, ఉప్పు తక్కువైందని చెప్పి, మొదటి అధ్యాయం నా చేతిలో పెట్టారు. "ఇంగ్లీషులో పెట్టుకుంటూ చదువు. అప్పుడైతే శ్రద్ధగా చదువుతావు." రెండోది అడిగితే మొదటిది ఇంగ్లీషులో అయిందా అని అడిగారు. నేను అనువాదకురాలినయ్యానని నాకు తెలిసేటప్పటికి మూడు అధ్యాయాలు అయిపోయాయి.

ఇదంతా ఆవిడ అమ్మమ్మ దగ్గర నేర్చుకున్న పద్ధతి. ఆ అమ్మమ్మ బైబిల్ స్త్రీ. అంటే దొరల కాలంలో మిషన్ వాళ్లు పెట్టిన ఉద్యోగం. చేతిసంచిలో సువార్త పుస్తకాలు వేసుకుని, కాలవ గట్ల మీద నడిచి, ఊరూరా ఇళ్లలో ఆడవాళ్లకు చదివి వినిపించాలి. మొదటిసారి వెళ్లినప్పుడు సంచి విప్పకూడదు. మంచినీళ్లు అడగాలి, దూరం నుంచి దోసిట్లోకి పోసినా సరే తాగి, పిల్లల సంగతి, పాడి సంగతి అడిగి వచ్చేయాలి. రెండోసారి ఒక్క పేజీ చదివి, రుచిగా ఉన్న చోట ఆపాలి. మూడోసారి మనం వెళ్లకూడదు. వాళ్లే పిలవాలి.

"పిలిచారని పరిగెత్తకూడదు కూడాను," అనేవారు టీచరుగారు. "పరిగెత్తితే సంచిలో సరుకు మిగిలిపోయిందనుకుంటారు."

నేను ఆవిడతో చాలా పోట్లాడాను. రెండో అధ్యాయంలో ముప్పయ్యేళ్లున్న ఇడ్లీలావిడ తొమ్మిదో అధ్యాయానికి వచ్చేసరికి ఇరవై ఎనిమిదికి దిగింది. అదేంటండీ అంటే, "రేవు గాలి మంచిదమ్మా" అన్నారు. దిద్దమన్నాను. తొమ్మిదో అధ్యాయంలో దిద్దకుండా రెండో అధ్యాయంలో వయసు తగ్గించారు. ఇక మా ఆయన బ్యాంకు ఆఫీసరు, కథలంటే గిట్టదు. మొదట్లో "మీ ఇద్దరికీ పని లేదు" అనేవారు. ఆరో అధ్యాయం నాటికి కూరలు తరుగుతూ వంటింట్లోంచి అడగడం మొదలుపెట్టారు: "ఇంతకీ ముడి విప్పిందా?"

విప్పలేదు. కథలో ఏళ్లు గడుస్తున్నాయి, రేవు దగ్గర వంతెన కడుతున్నారు, పంటి ఎక్కేవాళ్లు తగ్గిపోతున్నారు, ఇడ్లీలు మిగిలిపోతున్నాయి. ఆవిడ మాత్రం రోజూ సంచి ఎండలో పెట్టి లోపల పెట్టుకుంటుంది.

టీచరుగారు తన కథను మనుషుల మీద ప్రయోగించి చూసుకునేవారు. ఒకసారి పాలకొల్లులో ఆవిడ బంధువుల ఇంటికి ఇద్దరం ప్యాసింజర్ రైల్లో వెళ్తున్నాం. ఎదురుగా ఒక లావుపాటావిడ, ఒళ్లో అరటిపళ్ల బుట్ట. టీచరుగారు మంచినీళ్లతో మొదలుపెట్టి, కొవ్వూరు దాటేసరికి సంచి దగ్గరికి తీసుకొచ్చారు. నిడదవోలులో బండి ఆగేసరికి ముడి మీద చెయ్యి వేయించారు. "కాసిని నీళ్లు పట్టుకొస్తానండి" అని దిగి, నన్ను కళ్లతోనే లేపి, పక్క పెట్టెలోకి ఎక్కించేశారు. రెండు బ్యాగులూ మోసింది నేను. సీట్లు లేవు, తలుపు దగ్గర నిలబడ్డాం. ఇదేం అన్యాయమండీ అంటే, "చూస్తూ ఉండు" అన్నారు. తణుకులో ఆ లావుపాటావిడ బుట్ట చంకన పెట్టుకుని ప్లాట్‌ఫారం మీద పెట్టె పెట్టెకీ తొంగి చూస్తూ వచ్చింది. మమ్మల్ని చూసి కమ్మీ పట్టుకుంది.

"ఏవండీ, సంచిలో ఏముందో చెప్పి వెళ్లండి."

"పుస్తకం వస్తుందండి. అందులో ఉంటుంది."

"ఎక్కడ దొరుకుతుందండి? తణుకులో దొరుకుతుందా?"

"ముందు విదేశంలో వస్తుందండి."

ఆవిడ టీచరుగారిని చూసి, నన్ను చూసి, ఇలాంటి మనిషిని ఒంటరిగా వదలకుండా తోడు వచ్చినందుకు నన్ను మెచ్చుకుంటున్నట్టు తల ఊపి, రెండు అరటిపళ్లు నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది.

విదేశమే ఎందుకని నేనూ అడిగాను. ముందు తెలుగులో వెయ్యండి అన్నాను. ఆవిడ తన మంచం కింద చూపించారు. అంతకు ముందు సొంత డబ్బుతో అచ్చు వేయించుకున్న కథల పుస్తకం కట్టలు కట్టలుగా ఉంది. "ఇక్కడ ఊరికే పంచాలి. సంతకం కూడా పెట్టించుకుంటారు. చదవరు. చదవకుండానే చాలా బాగుందండి అంటారు. అక్కడి వాళ్లయితే చదివి బాలేదంటారు. అది చాలు నాకు." ఆ కథల పుస్తకం సంతకంతో సహా నా బీరువాలో కూడా ఉంది.

సరే, విదేశీ ప్రచురణకర్తలకు ఎలా రాయాలో నాకు తెలుసనుకున్నాను. ఇంటర్నెట్లో చదివాను. ఒక పరిచయ లేఖ, కథా సారాంశం, మొదటి మూడు అధ్యాయాలు. పది ఇళ్ల తలుపులు ఒకేసారి కొట్టినట్టు కొన్ని చోట్లకు పంపాను. కొందరు మర్యాదగా వద్దన్నారు, చాలామంది అదీ అనలేదు.

"గుమ్మంలోకి వెళ్లగానే సంచి బోర్లించావు, ఎవరు తీస్తారమ్మా తలుపు?" అన్నారు టీచరుగారు. ఈసారి ఆవిడే చెబుతాను రాయమన్నారు. చెప్పారు. రాసుకుంటుంటే నాకు చెమటలు పట్టాయి. మీ ఊళ్లో వానలెలా ఉన్నాయి, మాకు గోదావరికి నీళ్లు వచ్చాయి, మీ ఇంట్లో పెద్దవాళ్లు కులాసాగా ఉన్నారా, నేను ఒక రిటైరైన టీచరును, మళ్లీ రాస్తాను. పుస్తకం మాటే లేదు.

"ఇది చూసి బ్యాంకు మోసగాళ్లనుకుంటారండీ," అన్నాను.

"మా అమ్మమ్మని కూడా మొదట కోళ్ల దొంగ అనే అనుకున్నారు. నువ్వు పంపు."

పంపాను. అందరూ మోసగాళ్లమనే అనుకున్నారు, ఒక్కావిడ తప్ప. స్కాట్లాండులో ఒక చిన్న ప్రచురణ సంస్థ నడుపుతున్నావిడ. ఆవిడ పేరు మా నోటికి తిరగదు కనక స్కాట్లాండమ్మ అని పెట్టుకున్నాం. మా ఊళ్లో వానలు తప్ప ఇంకేం లేవు, మా అమ్మ తడి మెట్ల మీద జారి మోకాలు వాచింది, మీరెవరు, అని రాసింది. ఆ చివరి ప్రశ్నకు జవాబు రాద్దామన్నాను నేను. టీచరుగారు మోకాలికి రాద్దామన్నారు. వావిలాకు ఉడికించి కాపడం పెట్టాలని ఒక పేజీ చెప్పారు. వావిలాకును ఇంగ్లీషులో ఏమనాలో వెతకడానికి ఒక పూట పట్టింది నాకు. ఆకు అక్కడ దొరకదని తేలాక ఎండబెట్టి పార్సెల్ చేస్తానన్నారు. తెలియని దేశానికి ఎండుటాకులు పంపితే మనిద్దరినీ ఎక్కడ పెడతారో చెప్పి ఆపాను. ఆఖరికి ఉప్పు మూట కాపడం దగ్గర రాజీ పడ్డాం. ఉప్పు స్కాట్లాండులో దొరుకుతుంది.

నాలుగైదు ఉత్తరాల తరవాత స్కాట్లాండమ్మ వీడియో కాల్ చేస్తానంది. కాల్ వచ్చినప్పుడు నేను గభాలున ఫోను అందుకోబోతే టీచరుగారు నా చెయ్యి పట్టుకున్నారు. లేచి, అద్దం దగ్గరికి వెళ్లి, కుచ్చిళ్లకు పిన్ను పెట్టుకుని, పమిట సర్దుకుని, అప్పుడు వచ్చి కూర్చున్నారు. ఫోను మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ మోగింది. అప్పుడు ఎత్తమన్నారు.

"హౌ ఈజ్ మదర్స్ నీ?" అన్నారు, స్కూలు ప్రార్థనలో నిలబడ్డంత ఠీవిగా.

తెర మీద ఎర్రటి ముక్కుతో, ఉన్ని స్వెట్టరులో ఉన్నావిడ నవ్వింది. వాపు తగ్గిందంది. అప్పుడు టీచరుగారు ఆ మడత కాగితం తీశారు. తెలుగులో ఆవిడ, వెంటనే ఇంగ్లీషులో నేను. పంటి, ఇడ్లీ పొయ్యి, గోనెసంచి, దీపం, ముడి. ఆవిడ కాగితం మడిచారు. స్కాట్లాండమ్మ ముక్కు తెరకు ఆనేంత దగ్గరికి జరిగింది. అప్పుడు అడిగింది, సంచిలో ఏముంది అని.

టీచరుగారు నావైపు తిరిగారు. "కాపడం మానొద్దని చెప్పమ్మా." చెప్పాను. చెప్పీ చెప్పగానే వేలు చాపి ఎర్ర బటన్ నొక్కేశారు.

ఆ రోజు నేను గొంతు చించుకున్న విధానం వీధిలో అందరికీ తెలుసు. "అడిగింది పబ్లిషరండీ, పక్కింటావిడ కాదు."

"పక్కింటావిడైతే చెప్పేదాన్నే. ఆవిడ పుస్తకం వెయ్యదుగా."

రెండు వారాలు జవాబు రాలేదు. రెండు వారాలూ నేను కిందికి దిగలేదు. తరవాత మెయిల్ వచ్చింది. కాపడం పెట్టేటప్పుడు అమ్మకి మీ కథ చెప్పాను, సంచిలో ఏముందని ఆవిడ రోజూ నన్ను అడుగుతోంది, దయచేసి అధ్యాయాలు పంపండి అని. నేను పట్టుకుని కిందికి పరిగెత్తాను. టీచరుగారు చదివి, కళ్లజోడు తీసి, ఒక్క పిప్పరమెంటు ఇచ్చారు. అది కేవలం అదృష్టం, పద్ధతి కాదు అని నేను ఇప్పటికీ అంటాను. జారిపడని తల్లి ఉన్న పబ్లిషరు అయితే ఏం చేసేవారని అడిగాను కూడా. ఎవరి ఇంట్లోనైనా ఎవరికో ఒకరికి ఏదో ఒకటి నొప్పి ఉంటుందమ్మా అన్నారు.

అసలు యుద్ధం ఆ తరవాత వచ్చింది. చివరిది తప్ప అధ్యాయాలన్నీ వెళ్లాయి. స్కాట్లాండమ్మకు నచ్చాయి. కానీ ఆవిడ ఒక్కతే తేల్చేది కాదు, సంస్థలో మరి కొందరి ముందు పెట్టాలి, దానికి ముగింపుతో సహా కథా సారాంశం రెండు పేజీల్లో కావాలి. అది వాళ్ల పద్ధతి. టీచరుగారు ఇవ్వనన్నారు.

"భోజనానికి పిలిచి త్రేన్పు ముందు పంపమంటారేంటమ్మా?"

ఇవ్వకపోతే పుస్తకం రాదన్నాను. ఇంత చాకిరీ నాది కూడా, మీ మొండితనానికి అదంతా గోదాట్లో కలుస్తుందన్నాను. ఇంకా చాలా అన్నాను. నేను ఆపాక ఆవిడ మామూలు గొంతుతో చెప్పారు.

"దొరసానులు వాళ్ల దేశానికి రాసుకున్న ఉత్తరాలు పుస్తకంగా వేసుకున్నారమ్మా. మా స్కూలు లైబ్రరీలో ఉండేది. అందులో మా అమ్మమ్మ ఉంది. 'మా బైబిల్ స్త్రీ ఎండలో నడిచి వచ్చింది' అని. అంతే. పేరు లేదు. బతికినన్నాళ్లూ వాళ్ల పుస్తకం మోసింది. ఇప్పుడు మన పుస్తకం వాళ్లు ఒక్కసారి మొయ్యనీ. అట్ట మీద పేరుతో. నేను ఇవ్వననడం లేదు, ఊరికే ఇవ్వనంటున్నాను."

ఆవిడ ముందు ఓడిపోవడం ఇష్టం లేక, సారాంశం ఎలా రాయాలో నాకొదిలెయ్యండి అని పైకి వచ్చేశాను. సారాంశం చివరి అధ్యాయం గుమ్మం దాకా రాశాను. 'ఆవిడ ముడి మీద మళ్లీ చెయ్యి వేసింది' అని ఆపి పంపాను. స్కాట్లాండమ్మ కొంచెం విసుక్కుంది, కానీ వెనక్కి పంపలేదు.

ఆ పై ఆదివారం టీచరుగారు గుడినుంచి వస్తూ నేరుగా పైకి వచ్చి చివరి అధ్యాయం నా చేతిలో పెట్టారు. "ఇంగ్లీషులో పెట్టి నీ దగ్గరుంచు. ఎవరడిగినా ఒక్కసారిగా ఇవ్వకు." నేను పొయ్యి దగ్గరే నిలబడి చదివాను. పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. మా ఆయన పరిగెత్తుకొచ్చి, "ఏముంది సంచిలో?" అన్నారు, గ్యాసు వాసన సంగతి కూడా అడగకుండా. గిన్నె తోమమని చెప్పాను.

ఆ వారంలోనే ఒక పొద్దున గుండెల్లో నొప్పిగా ఉందని టీచరుగారు ఆటో పిలిపించుకున్నారు. నేను చెప్పులేసుకుని వచ్చేలోపే ఎక్కి కూర్చుని, దారి చుట్టు తిప్పుతావని ఆటో అతన్ని ముందే తిడుతున్నారు. ఆసుపత్రి మెట్ల దాకా తిట్టారు. సాయంత్రానికి లేరు.

స్కాట్లాండమ్మకు రాశాను. ఓదార్పుగా నాలుగు మాటలు రాసింది. సంచి ఊసెత్తలేదు. మంచి మనిషి.

మొన్న, జ్ఞాపకార్థ కూడిక అయిన మర్నాడు, మళ్లీ రాసింది. సంస్థలో బల్ల చుట్టూ కూర్చుని తేల్చేవాళ్లందరూ చదివారట. ముడి విప్పుతుందని కొందరు, విప్పదని కొందరు వాదించుకుంటున్నారట. గురువారం తేల్చేస్తారు, అన్నిటికంటే ముందు చివరి అధ్యాయం కావాలి, అది చూడకుండా అవుననలేమంది. అమ్మ మోకాలు బాగైంది, మెట్లెక్కి పైకి వచ్చి మరీ అడుగుతోంది అని కింద రాసింది.

అనువాదం సిద్ధంగా ఉంది, పదకొండు పేజీలు. జతచేసి పంపేస్తే అయిపోతుంది. వాళ్లు అడిగింది అడిగినట్టు ఇవ్వాలని మొదటినుంచీ వాదించింది నేనే. ఇప్పుడు ఎదురు చెప్పే మనిషి కూడా లేరు. అదే చిరాగ్గా ఉంది. ఎదురు చెప్పేవాళ్లు లేకపోయేసరికి నా వాదన నాకే నీళ్లు కలిపిన పాలలా అనిపించింది. పంపితే కాదంటారేమో, పంపకపోతే కోపం వచ్చి వదిలేస్తారేమో. అట్ట మీద పేరు మాత్రం ఆ రెంటి మధ్య నా చేతిలో ఉంది.

కూర్చుని రాశాను. అమ్మగారిని మెట్లెక్కేటప్పుడు కమ్మీ పట్టుకోమనండి, ఉప్పు కాపడం ఇంకో నెల మానొద్దనండి, మాకు ఎండలు ముదిరాయి. నాలుగు పేజీలు జత చేశాను.

"మిగతా ఏడు?" అన్నారు మా ఆయన, నా భుజం మీంచి చూస్తూ. అన్నం వార్చాలని లేచాను.

ఇవాళ మధ్యాహ్నం ఫోను మోగింది. విదేశీ నంబరు, వీడియో కాల్. మా ఆయన పేపరు పడేసి వచ్చారు. నేను అద్దం దగ్గరికి వెళ్లి కుచ్చిళ్లకు పిన్ను పెట్టుకుంటున్నాను.

"ఎత్తవేంటి? అటువైపు పబ్లిషరు."

"తెలుసండీ."

మోగి మోగి ఆగిపోయింది. మా ఆయన తల పట్టుకుని సోఫాలో కూలబడ్డారు. నేను పమిట సర్దుకుని, కుర్చీ జరుపుకుని, ఫోను ముందు కూర్చున్నాను.

మళ్లీ మోగింది.